బిడ్డకు చంక, అమ్మకు నడుము

పోయిన వారం మా పిన్ని కూతురు కరీంనగర్ నుంచి వాట్సాప్‌లో ఏడు ఫొటోలు పంపింది. అన్నీ బేబీ క్యారియర్లే. ఏడింటి మీదా ఒకటే మాట రాసి ఉంది, "ఎర్గోనామిక్" అని. కింద తన మెసేజ్: "అక్కా, ఇండ్ల ఏది కొనాలె? జల్ది చెప్పు, ఆఫర్ రేపటి దాకనే ఉంది."

తనకు మూడో నెల బాబు. నాకు ఇద్దరు పిల్లలు. బాబు ఇప్పుడు బడికి పోతున్నాడు, పాప ఇల్లంతా పాకుతోంది. వాళ్ల కోసం రెండు క్యారియర్లు కొన్నాను. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు. "ఆఫర్ పోతే పోనీ గానీ రెండు రోజులు ఆగు చెల్లే" అని చెప్పి ఇది రాయడానికి కూర్చున్నాను. తనలాగే అడిగేవాళ్లు మీలో ఇంకా ఉండే ఉంటారు.

ముందు నా తప్పు సంగతి చెప్తాను.

బాబు పుట్టిన ఏడాది బతుకమ్మకు వాడికి ఐదో నెల. ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉండి ఉండి, సద్దుల బతుకమ్మకు ఎట్లాగైనా కోమటి చెరువు దగ్గరికి పోవాలని నాకు ఒకటే ఆశ. బిడ్డను చేతుల్లో పెట్టుకొని బతుకమ్మ ఆడలేం కదా, చప్పట్లు కొట్టాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. అందుకని ఆన్‌లైన్‌లో ఒక క్యారియర్ కొన్నాను. రంగు బాగుంది, ధర తక్కువ, ఫొటోలో అమ్మాయి నవ్వుతూ ఉంది. అంతకు మించి నేను చూసిందేమీ లేదు.

చెరువు దగ్గర రెండు చుట్లు తిరిగేసరికి భుజాలు తెగిపోతున్నాయేమో అనిపించింది. పట్టీలు సన్నగా ఉండి మెడ పక్కనే కోసుకుపోతున్నాయి. నడుముకు బెల్టే లేదు, బరువంతా భుజాల మీదే. బాబు చూస్తే కాళ్లు రెండూ కిందికి వేలాడేసి ఏడుపు మొదలుపెట్టాడు. మా అత్తమ్మ వచ్చి వాణ్ని అందులోంచి తీసి చంకన వేసుకుంది. నిమిషంలో ఏడుపు ఆపాడు. "గా సంచిల పిలగాన్ని ఏలాడదీసినవు బిడ్డా. కాళ్లు సూడు, తోరణం లెక్క ఏలాడుతున్నయ్. పిల్లలు కూసోవాలె గని ఏలాడుతరా?" అంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది, పది మందిలో అన్నదని. ఇంటికొచ్చాక చదవడం మొదలుపెడితే తెలిసింది, అత్తమ్మ ఒక్క మాటలో చెప్పిందే పిల్లల ఎముకల డాక్టర్లు పేజీలకు పేజీలు రాశారని.

పసిపిల్లల తుంటి కీలు పుట్టగానే గట్టిగా ఉండదు. తొడ ఎముక పైన ఉండే గుండ్రటి భాగం, అది కూర్చునే గిన్నెలాంటి చోటు, రెండూ మెత్తగానే ఉండి, మొదటి నెలల్లో మెల్లగా ఒకదానికొకటి సర్దుకుంటాయి. బిడ్డ కాళ్లు పక్కలకు విచ్చుకొని, మోకాళ్లు పిరుదుల కన్నా కొంచెం పైకి ఉంటే ఆ గుండు గిన్నెలో సరిగ్గా కూర్చుంటుంది. ఎదురుగా చూస్తే ఇంగ్లీషు 'ఎం' అక్షరంలా కనిపిస్తుంది. మన మాటల్లో చెప్పాలంటే కప్ప కూర్చున్నట్టు. ఇంటర్నేషనల్ హిప్ డిస్‌ప్లేసియా ఇన్‌స్టిట్యూట్ అని తుంటి కీళ్ల సమస్యల మీద పనిచేసే సంస్థ ఒకటి ఉంది. ముఖ్యంగా మొదటి ఆరు నెలలు పిల్లల్ని ఎత్తుకునేటప్పుడు కాళ్లు ఇలాగే ఉండాలని వాళ్లూ చెప్తారు.

ఇప్పుడు మనం బిడ్డను చంకన ఎత్తుకునే తీరు గుర్తు తెచ్చుకోండి. ఒక కాలు మన కడుపు మీదికి, ఒక కాలు నడుం వెనక్కి. మోకాళ్లు పైకి, అడుగున మన చెయ్యి. అచ్చం అదే కదా! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, నేను చేసిందదే.

ఇది మన ఒక్కరి తెలివే కాదు. 1960లలో ఆన్ మూర్ అనే అమెరికా నర్సు పీస్ కోర్ తరఫున ఆఫ్రికాలోని టోగో దేశానికి వెళ్లింది. అక్కడి తల్లులు బిడ్డల్ని గుడ్డతో వీపుకు కట్టుకొని పనులు చేసుకోవడం చూసింది. తిరిగి వెళ్లాక తనకు కూతురు పుడితే, వాళ్లమ్మతో కలిసి అలాంటిదే ఒకటి కుట్టింది. 'స్నగ్లీ' పేరుతో అమ్ముడైన ఆ క్యారియర్‌కు 1969లో పేటెంట్ వచ్చింది. అంటే ఇవాళ మనకు విదేశీ ఫ్యాషన్‌లా కనిపించే వస్తువు పల్లెటూరి తల్లుల దగ్గర నేర్చుకున్నదే.

"అయితే చంకనే ఎత్తుకుంటే సరిపోతుంది కదా, ఈ కొనుడెందుకు?" అని మీరు అడగొచ్చు. నేనూ కొన్నాళ్లు అదే అనుకున్నాను. దానికి జవాబు మా అత్తమ్మ నడుములోనే ఉంది.

చంక బిడ్డకు మంచిదే. మోసే మనిషికి మాత్రం కాదు. ఒక పక్క తుంటి బయటికి తోసి, నడుం వంకర చేసి, ఒక్క చేతి మీద బరువంతా ఆపాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో మధ్యస్థ బరువు ఆరు నెలలకు మగపిల్లలకు సుమారు 7.9 కిలోలు, ఆడపిల్లలకు 7.3. ఏడాది నిండేసరికి 9.6, 8.9. అంటే దాదాపు పది లీటర్ల నీళ్ల బిందె. మిషన్ భగీరథ నల్లా ఇంటికి రాకముందు మా అత్తమ్మ ఒక చంకన బిందె, ఒక చంకన మా ఆయనను పెట్టుకొని తిరిగిందట. ఇప్పుడు పొద్దున లేవాలంటే మంచం పట్టె పట్టుకొని లేస్తుంది. ఆ నొప్పి గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. మన గొల్లభామ చీర మీది ఆడమనిషి కూడా తల మీద కుండతోనే ఉంటుంది. చూడ్డానికి ఎంత ముద్దుగా ఉంటుందో! మెడ నొప్పిగా ఉందా అని మాత్రం ఎవరూ అడగరు.

నా అభిప్రాయం అంతా ఇక్కడే ఉంది. క్యారియర్ కొనేటప్పుడు అందరం "బిడ్డకు సుఖంగా ఉంటుందా?" అని ఒక్క ప్రశ్నే అడుగుతాం. "మోసే మనిషికి సుఖంగా ఉంటుందా?" అనేది రెండో ప్రశ్న. అది అడగకపోతే ఎంత మంచి క్యారియరైనా నెల తిరిగేసరికి బీరువా మీదికి చేరుతుంది, బిడ్డ మళ్లీ మన ఎడమ చంకకే వస్తుంది. మంచి క్యారియర్ అంటే బిడ్డకు చంకలో కూర్చున్న తీరు ఇవ్వాలి, బరువును మాత్రం అమ్మ నడుముకు రెండు పక్కలా సమంగా పంచాలి. డబ్బా మీద రాసిన "ఎర్గోనామిక్" అన్న మాట ఆ రెంటికీ హామీ కాదు. నా మొదటి క్యారియర్ డబ్బా మీద కూడా ఆ మాట ఉంది మరి.

ఇక చూడాల్సినవి. ముందు బిడ్డ వైపు నుంచి.

బిడ్డ కూర్చునే గుడ్డ ఒక మోకాలి నుంచి ఇంకో మోకాలి దాకా ఆనాలి. కాళ్ల మధ్య సన్నటి పట్టీలా ఉంటే వద్దు. కాసేపు కాళ్లు వేలాడినంత మాత్రాన ఏదో అయిపోతుందని భయపడక్కర్లేదు గానీ, రోజూ గంటల తరబడి అలా ఉంచడం మంచిది కాదు. బిడ్డ పెరిగేకొద్దీ ఆ వెడల్పును పెంచుకునే వీలుండాలి. కాన్పులో బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు తుంటి సమస్య ఉన్నా ముందు డాక్టర్‌కు చూపించండి.

రెండోది ఊపిరి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మూడు నాలుగు నెలల లోపు పిల్లలకు మెడ నిలవదు. గడ్డం ఛాతీకి ఆనుకుపోతే గొంతు దారి ముడుచుకుపోతుంది, ఏడ్చే ఓపిక కూడా ఉండదు. గుడ్డ ముక్కుకు అడ్డం పడ్డా అంతే. 2010లో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ నాలుగు నెలల లోపు పిల్లల్ని స్లింగుల్లో వేసుకునేటప్పుడు జాగ్రత్త అని హెచ్చరించింది ఇందుకే. కాబట్టి బిడ్డ ముఖం ఎప్పుడూ మీ కంటికి కనిపించాలి. గడ్డం కింద రెండు వేళ్లు పట్టేంత సందు ఉండాలి. మీరు తల వంచితే బిడ్డ నెత్తి మీద ముద్దు పెట్టేంత పైన ఉండాలి. సంచిలో కూరగాయల్లా అడుగుకు జారిపోయే రకం వద్దు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డైతే డాక్టర్‌ను అడగకుండా అసలు వేయకండి.

మూడోది ముఖం ఏ వైపు అన్నది. బయటికి ముఖం పెట్టి వేసుకుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ, మెడ బాగా నిలిచేదాకా అది వద్దు. నిలిచాక కూడా కాసేపే. నిద్రలోకి జారుతుంటే లోపలికి తిప్పేయండి.

ఇప్పుడు మన వైపు నుంచి.

నడుం బెల్టు వెడల్పుగా, మెత్తగా ఉండాలి. తుంటి ఎముకల మీద కూర్చొని బరువు మోయాల్సింది అదే, భుజాలు కాదు. ఆపరేషన్ అయినవాళ్లకు ఆ బెల్టు కుట్ల మీద ఒత్తుతుందేమో చూసుకోవాలి. ఎప్పటి నుంచి వేసుకోవచ్చో డాక్టర్‌ను అడగండి. మొదట్లో బెల్టు కొంచెం పైకి కట్టుకుంటే నయం. చీర మీద అయితే బెల్టు కుచ్చిళ్ల దగ్గర జారుతుంది, పట్టుచీరైతే మరీను. నేను క్యారియర్ వేసుకునే రోజు చుడీదారో కాటన్ చీరో కట్టుకుంటాను.

భుజం పట్టీలు మెడకు దూరంగా, భుజం మధ్యలో కూర్చోవాలి. వీపు వెనక ఉండే బకిల్ ఎవరి సాయం లేకుండా మీ చేతికి అందాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మధ్యాహ్నం ఇంట్లో ఒక్కదానివే ఉన్నప్పుడు తెలుస్తుంది. పట్టీలు పొడుగూ పొట్టీ చేసుకునే వీలుంటే ఇంట్లో ఇంకొకరు కూడా వేసుకోవచ్చు.

ఇక మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో సిద్దిపేటలో నలభై డిగ్రీలు మామూలే. మందపాటి స్పాంజి క్యారియర్‌లో బిడ్డ, మనం ఇద్దరం ఉడికిపోతాం. పలుచటి కాటనో, గాలి ఆడే జాలీ గుడ్డో మేలు. క్యారియరే ఒక పొర బట్ట అని లెక్కవేసుకొని బిడ్డకు లోపల ఒక జత తగ్గించండి.

ఏ రకం అంటారా? పొడుగాటి గుడ్డ చుట్టుకునే ర్యాప్ చిన్న పిల్లలకు హాయిగా ఉంటుంది, కానీ కట్టడం నేర్చుకోవాలి. రింగ్ స్లింగ్ మన చంకకు దగ్గరి చుట్టం, చప్పున వేసి తీయొచ్చు, కానీ బరువు ఒక్క భుజం మీదే పడుతుంది. బకిళ్లు ఉన్న క్యారియర్ రోజూ బయటికి పోయేవాళ్లకు సులువు. నడుం దగ్గర చిన్న పీటలా ఉండే హిప్ సీటు బిడ్డ సొంతంగా కూర్చోవడం వచ్చాకే. నాకు పనికొచ్చింది బకిల్ రకం. మీకూ అదే కొనమని చెప్పను, మీ ఒళ్లు మీరే అడగండి.

అడగడం ఎట్లాగంటే, వాపసు తీసుకునే చోటే కొనండి. బిడ్డకన్నా ముందు ఐదు కిలోల బియ్యం సంచి వేసి పదిహేను నిమిషాలు ఇంట్లో తిరగండి. భుజాలు లాగితే బెల్టు బిగించి మళ్లీ చూడండి. అప్పటికీ లాగితే అది మీది కాదు, పంపించేయండి. నేను రెండోసారి ఇట్లాగే ఒకటి వాపసు ఇచ్చి ఇంకోటి తెప్పించుకున్నాను. మా ఆయన నవ్వాడు, "బియ్యాన్ని జోకొడుతున్నవా?" అని.

"ఎత్తుకుంటే చేతులకు అలవాటైతరు" అని పెద్దవాళ్లు అంటారు. 1986లో కెనడాలోని మాంట్రియల్‌లో డాక్టర్లు ఇది పరీక్షించి చూశారు. కొందరు తల్లుల్ని రోజూ అదనంగా మూడు గంటలు బిడ్డను ఎత్తుకోమన్నారు. ఆరు వారాల వయసులో ఆ పిల్లలు మిగతావాళ్లకన్నా 43 శాతం తక్కువ ఏడ్చారు. కాబట్టి ఎత్తుకున్నందుకు బిడ్డ చెడిపోతాడన్న బెంగ వద్దు. చెడిపోయేది ఎవరి నడుమన్నదే చూసుకోవాల్సింది.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ముగించలేను. సిగ్గుగా ఉన్నా చెప్తాను.

బాబుకు ఎనిమిది నెలలప్పుడు మా అమ్మ వాళ్ల ఊరికి బండి మీద బయలుదేరాం. మా ఆయన బండి నడుపుతున్నాడు, వెనక నేను, నా ముందు క్యారియర్‌లో బాబు. కట్టేసి ఉన్నాడు కదా, భయం లేదు అనుకున్నాం. రాజీవ్ రహదారి మీద ఒక కుక్క అడ్డం వచ్చింది. బ్రేకు వేసేసరికి నేను ముందుకు పడ్డాను. బాబు మా ఇద్దరి మధ్య నలిగాడు. ఏమీ కాలేదు. వాడు కేకపెట్టి ఏడ్చాడు, నేను రోడ్డు పక్కన కూర్చొని వాడికన్నా ఎక్కువ ఏడ్చాను. నేను కింద పడితే ముందు నేలకు తగిలేది వాడే అన్న సంగతి అప్పుడు తలకెక్కింది.

క్యారియర్ నడవడానికి చేసింది, బండికి కాదు. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా పిల్లల్ని బండి మీద తీసుకెళ్తే తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, నడిపేవారికి బిడ్డను కట్టి ఉంచే భద్రతా పట్టీ ఉండాలి, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదు అని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి అది అమల్లో ఉంది. ఆ పట్టీ 30 కిలోల దాకా ఆపేలా ఉండాలని అందులోనే చెప్పారు. మన క్యారియర్ అది కాదు. తొమ్మిది నెలల లోపు బిడ్డకైతే బండి మాటే వద్దంటాను. 2023 డిసెంబర్ నుంచి మనకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్ కూడా లేదు కదా, గంట ఆలస్యమైనా బస్సే నయం. కారులో కూడా క్యారియర్ సీటు బెల్టుకు బదులు కాదు. అట్లాగే పొయ్యి దగ్గరికి, నూనె మూకుడు దగ్గరికి బిడ్డను వేసుకొని పోవద్దు. రెండు చేతులు ఖాళీ అయ్యాయి కదా అని వంట మొదలుపెట్టాలనిపిస్తుంది, నాకూ అనిపించింది.

మరి దేనికి పనికొస్తుంది అంటే, కొమురవెల్లి మల్లన్న జాతర గుంపులో ఒక చేత్తో బాబును గట్టిగా పట్టుకొని నడవడానికి. సాయంత్రం ఏడ్చే బిడ్డను గుండెకు ఆనించుకొని వాకిట్లో తిరగడానికి. అన్నిటికన్నా ముఖ్యం, బిడ్డను ఇంకొకరికి ఇవ్వడానికి.

పాప పుట్టాక క్యారియర్ పట్టీలు మా ఆయన కొలతకు సరిచేసి ఇచ్చాను. "సిద్దిపేటల అందరు మనోళ్లే, నవ్వుతరు" అన్నాడు. నా నడుం నొప్పికి ఎవరూ నవ్వరు కదా అన్నాను. మొదటిరోజు కోమటి చెరువు కట్ట మీద తల వంచుకొని నడిచాడు. ఒక ముసలమ్మ ఆపి, "మోస్తున్నవా కొడుకా? మంచిగ జేస్తున్నవు" అంది. మర్నాడు తనే క్యారియర్ తీసుకొని బయలుదేరాడు. ఆ అరగంట నేను కాళ్లు చాపుకొని చాయ్ తాగుతాను.

పోయిన బతుకమ్మకు పాపకు ఏడు నెలలు. ముందు బిడ్డ ఉన్నప్పుడు నడుం వంచకూడదు, మోకాళ్లే వంచాలి. అందుకని అందరిలా వంగి ఆడలేదు, నిటారుగానే అడుగు వేశాను. డీజే డబ్బాలకు దూరంగా మా వాడకట్టు ఆడవాళ్ల చుట్టులో నాలుగు పాటలు ఆడాను. తర్వాత పాప వాళ్ల నాన్న దగ్గరికి పోయింది, నేను మిగతా పాటలు వంగి ఆడాను.

చెల్లే, నువ్వు పంపిన ఏడింట్లో మూడింటికి కూర్చునే గుడ్డ సన్నగా ఉంది, రెండింటికి నడుం బెల్టు లేదు. మిగిలిన రెండింట్లో ఏది అన్నది నేను చెప్పలేను. బియ్యం సంచి వేసుకొని నువ్వే చూసుకో. మీ ఆయనకూ ఒకసారి వేసి చూడు.